ఏమో... ఎందుకో అలా అనిపించింది

మధ్యాహ్నం భోజనాలయ్యాయి కదా! వంటిల్లు సర్దుకుని కాసేపు ఇలా కూర్చోండి. మనం ఇంట్లో రోజుకు పదిసార్లయినా అనే రెండు మాటల గురించి ఈవేళ చెప్పుకుందాం. ఒకటి "ఏమో". రెండోది "ఎందుకో అలా అనిపించింది".

ఈ రెండు మాటలకూ మన ఇళ్ళల్లో అంతగా మర్యాద లేదు. లెక్క అడిగితే పిల్లవాడు "ఏమో" అన్నాడంటే మొట్టికాయ పడుతుంది. "ఎందుకోనండీ, ఈ బేరం నాకు నచ్చలేదు" అని ఇల్లాలు అంటే, "కారణం చెప్పు" అంటారు ఇంటాయన. కారణం నోటికి రాకపోతే ఆ మాట అక్కడే కొట్టుకుపోతుంది. తెలివంటే ఠక్కున జవాబు చెప్పడమనీ, చెప్పినదానికి కారణం చూపించడమనీ చిన్నప్పుడే బడిలో నూరిపోశారు మనకు. నేను చదివింది పదో తరగతి వరకే. పెద్ద శాస్త్రాలేవీ నాకు రావు. రేడియోలో మాట్లాడాలి కాబట్టి నాలుగు పుస్తకాలు తిరగేయడం, నలుగురిని అడగడం అలవాటైంది. అలా తెలుసుకున్న సంగతులే మీ ముందు పెడుతున్నాను. నచ్చితే తీసుకోండి.

వంటింటి నుంచే మొదలుపెడదాం. పదిమందికి పప్పుచారు కాయాలి. ఉప్పు ఎంత? చెంచాతో కొలిచేవాళ్ళు మనలో ఎంతమంది? పిడికిట్లోకి తీసుకుంటాం, చెయ్యి తనంతట తనే ఒకచోట ఆగుతుంది. కొత్తగా కాపురానికొచ్చిన కోడలు "ఎంత వెయ్యాలి అత్తమ్మా?" అని అడిగితే "చూసి వెయ్యి బిడ్డా" అంటుందామె. పాపం, ఆ పిల్లకు ఒళ్ళు మండుతుంది. ఏం చూసి వెయ్యాలి? అత్తమ్మ దాచిపెడుతోందని అనుకుంటుంది కూడా. అత్తమ్మ ఏమీ దాచడం లేదు. ఆమెకు తెలిసింది చేతికి తెలుసు, నోటికి తెలియదు. అంతే. ఇడ్లీ పిండి గిన్నె మూత పూర్తిగా తీయకముందే వాసన పట్టి "ఇంకో గంట ఆగాలి" అంటామే, అదీ ఇలాంటిదే.

ఇందులో మంత్రమేం లేదు. రోజుకు రెండుపూటల చొప్పున ముప్ఫై ఏళ్ళు వండిన ఇల్లాలు 20 వేలసార్లకు పైగా ఉప్పు వేసి ఉంటుంది. వేసింది సరిపోయిందో లేదో అరగంటలో తేలిపోతుంది. తేల్చి చెప్పేవాళ్ళకూ మన ఇళ్ళల్లో కొదవ లేదు! ఇన్నివేలసార్లు చేసి, ఇన్నివేలసార్లు తప్పొప్పులు విన్న చెయ్యి అది. అందుకే దానికి తెలుసు.

వంటింట్లో ఉప్పు తప్పితే మహా అయితే ఒక పూట మాట పడతాం. ఇదే తెలివి మీద ప్రాణాలు ఆధారపడ్డ చోట్లూ ఉన్నాయి. భూపాలపల్లి వైపు బొగ్గుబాయి పనిచేసేవాళ్ళు మీ చుట్టాల్లో ఉంటే అడిగి చూడండి. అక్కడ సింగరేణి వారి కాకతీయ గనులు ఉన్నాయి. భూమి లోపల, తలమీద బండ. ఆ బండ గట్టిగా ఉందా, పొర విడిపోయి ఉందా అన్నది పని మొదలుపెట్టకముందే చూసుకోవాలి. ఎలా చూస్తారు? ఇనుప కడ్డీతో పైకప్పు మీద కొడతారు. గట్టి బండయితే ఖణేలుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా, పగిలిన కుండ మీద కొట్టినట్టు పలుకుతుంది. రెండో చెయ్యి బండకు ఆనించి పెడితే దాని అదురు కూడా వేళ్ళకు తెలుస్తుంది. కొత్తగా చేరినవాడికి రెండు చప్పుళ్ళూ ఒకటిగానే వినిపిస్తాయి. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు "ఇక్కడ వద్దు, పక్కకు రా" అంటాడు. కారణం చెప్పమంటే "చప్పుడు బాగాలేదు" అనడం తప్ప ఇంకేం చెప్పగలడు? అక్కడ వాదనకు దిగేవాళ్ళు ఎవరూ ఉండరు. ముందు పక్కకు జరుగుతారు, తరువాతే మాట్లాడతారు. (భూగర్భ గనుల్లో ఆడవాళ్ళు పనిచేయకూడదన్న పాత నిబంధనను 2019లో సడలించారు. రేపు ఆ కడ్డీ పట్టుకునే చేతికి గాజులుండవచ్చు.)

ఎండాకాలంలో రంజన్ కొనేటప్పుడు మనం చేసేదీ అదే కదూ! వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇది వద్దు, ఆ రెండోది ఇవ్వు" అంటాం. అమ్మేవాడికీ తెలుసు, మనకూ తెలుసు. పక్కన నిలబడ్డ మావారికి మాత్రం రెండూ ఒకేలాంటి కుండలు.

జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకుల మీద నగిషీ పని చేసేవాళ్ళను చూశారా? రేకును కాల్చి మెత్తబరుస్తారు. ఎంతసేపు కాల్చాలో గడియారం చూసుకోరు, రేకు రంగు చూసుకుంటారు. తరువాత లక్క మీద దాన్ని పరిచి ఉలితో బొమ్మ పైకి లేపుతారు. ఒక దెబ్బ ఎక్కువైతే రేకు చిరుగుతుంది, తక్కువైతే బొమ్మ లేవదు. మహబూబాబాద్ ప్రాంతంలో కల్లంలో మిర్చి ఆరబోసే రైతక్కలకు ఇంకో విద్య ఉంది. గుప్పెడు కాయలు పట్టుకుని కదిపి, గింజల గలగల విని, వేళ్ళతో నలిపి చూసి ఎండిందో లేదో చెప్పేస్తారు. ఇంకా పచ్చిగా ఉంటే బస్తాలో బూజు పడుతుంది. మరీ ఎండితే కాయ నుగ్గయి తూకం పోతుంది. వేల కాయల్లోంచి తాలుకాయలు ఏరే వేగం చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఏడాది కారానికి మిర్చి కొనేటప్పుడు మనం కూడా గుప్పెడు తీసి కదుపుతాం. ఆ గలగల వినే చెవి మనకు అమ్మ దగ్గరి నుంచి వచ్చిందే.

ఈ సంగతి మీద విదేశాల్లో చాలా పరిశోధన జరిగింది. అమెరికాలో గారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో నిప్పులార్పే దళాల వాళ్ళతో మాట్లాడుతూ తిరిగాడు. వాళ్ళలో ఒక అధికారి చెప్పిన సంగతి చాలా ప్రసిద్ధి. ఒక ఇంట్లో వెనకవైపు వంటింట్లో మంటలు. దళం లోపలికి వెళ్ళి నీళ్ళు కొట్టింది, మంట తగ్గలేదు. ముందుగదిలో నిలబడ్డ ఆ అధికారికి ఎందుకో తేడాగా అనిపించింది. "అందరూ బయటకు నడవండి" అన్నాడు. వాళ్ళు బయటకొచ్చిన కాసేపటికే ఆ గది నేల కూలిపోయింది. అసలు మంట వంటింట్లో లేదు, నేలమాళిగలో ఉంది. వాళ్ళు నిలబడ్డది దాని నెత్తిమీద! తనకేదో అతీంద్రియ శక్తి ఉందనే ఆయన అనుకున్నాడట. క్లైన్ ఓపికగా గుచ్చి గుచ్చి అడిగితే సంగతి తేలింది. చిన్న వంటింటి మంటకు ముందుగది అంత వేడెక్కకూడదు. అంత వేడికి తగ్గ చప్పుడు ఉండాలి, అదీ లేదు. నీళ్ళు కొడితే మంట తగ్గాలి, తగ్గలేదు. అన్నేళ్ళలో చూసిన మంటల్లో ఏ ఒక్కదానికీ ఇది పోలడం లేదని ఆయన ఒంటికి తెలిసిపోయింది. మాట మాత్రం తరువాత వచ్చింది.

మరి మనసుకు తోచిందల్లా నిజమేనా? అక్కడే ఉంది చిక్కు. డేనియల్ కానెమన్ అని ఇంకో పెద్దాయన ఉండేవాడు. 2002లో ఆర్థికశాస్త్రానికి నోబెల్ బహుమతి వచ్చింది, 2024లో పోయాడు. మనిషి మనసు ఎన్నెన్ని విధాల తనను తానే మోసం చేసుకుంటుందో చూపించడమే ఆయన జీవితమంతా చేసిన పని. క్లైన్ ఏమో తోచినదాన్ని మెచ్చుకునేవాడు, కానెమన్ దాన్ని శంకించేవాడు. ఇద్దరూ కలిసి కూర్చుని, కొన్నేళ్ళు వాదించుకుని, 2009లో ఒక వ్యాసం రాశారు. (మన ఇళ్ళల్లో వియ్యంకులు కూడా ఇలా కూర్చుంటే ఎంత బాగుండునో!) వాళ్ళు తేల్చింది చెబితే మన అత్తమ్మలు "ఇంతేనా" అంటారు. తోచింది నమ్మదగిందా కాదా తెలుసుకోవడానికి రెండు సంగతులు చూడాలట. ఆ పనికి ఒక క్రమమంటూ ఉందా అన్నది మొదటిది. ఆ క్రమాన్ని నేర్చుకునేలా మనం దాన్ని ఎన్నోసార్లు చేసి, ప్రతిసారీ ఫలితం చూశామా అన్నది రెండోది. ఈ రెండూ ఉంటే తోచిన మాటకు విలువ ఉంది. లేకపోతే ఎంత గట్టిగా తోచినా అది ఊహే. గట్టిగా తోచడం నిజానికి గుర్తు కానే కాదు.

ఉప్పుకు ఈ రెండూ ఉన్నాయి. బొగ్గుబాయి కప్పుకూ ఉన్నాయి. పెళ్ళిచూపులకు ఉన్నాయా? "చూడగానే మంచివాడనిపించాడు" అంటారు. జీవితంలో ఎన్ని సంబంధాలు చూస్తాం? ఫలితం తెలిసేది ఎప్పుడు, పదేళ్ళ తరువాతా? అక్కడ తోచినదాన్ని నమ్ముకోకుండా ఆ ఊరెళ్ళి విచారించి రావడమే మేలు. షేర్లలో డబ్బు పెట్టడం, ఫలానా చోట ప్లాటు ధర పెరుగుతుందనుకోవడం కూడా ఇలాంటివే.

ఇంకో మాట. ఫోనులో ఎవరో పోలీసునంటాడు, మీ పేరుమీద కేసుందంటాడు, వెంటనే డబ్బు పంపమంటాడు. గుండె దడదడలాడుతుంది. "ఏదో కీడు జరగబోతోంది" అని మనసుకు గట్టిగా తోస్తుంది. దాన్ని స్ఫురణ అనుకోకండి. ఎవరో పనిగట్టుకుని మనలో పుట్టించిన భయం అది. తొందరపెడుతున్నారంటేనే ఆగాలి. ఫోను పెట్టేసి ఇంట్లోవాళ్ళకు చెప్పండి. సైబర్ మోసాలు చెప్పుకోవడానికి 1930 నంబరు ఉంది.

అనుభవం కూడా చాలని సందర్భం ఒకటి మన దగ్గరే చూశాం. 2023 జూలై 27 తెల్లవారుజామున భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని మోరంచవాగు ముంచేసింది. జనం డాబాల మీదికెక్కి ప్రాణాలు అరచేత పట్టుకుని కూర్చున్నారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చి దించాల్సి వచ్చింది. ప్రాణాలూ పోయాయి. ఆ ఒక్కరోజులో పక్కనున్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన నమోదైంది. మన రాష్ట్రంలో ఏడాది మొత్తానికి సగటున పడేదే 900 చిల్లర! ఆ మరుసటేడు, 2024 సెప్టెంబరు 1న, మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర వరదకు రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. "మన వాగు ఎప్పుడూ ఈ గట్టు దాటలేదు" అనే పెద్దల మాట అబద్ధం కాదు. వాళ్ళు చూసినంత కాలం అది దాటలేదు. ఎన్నడూ చూడనిదాన్ని మనసు ఎక్కడ నేర్చుకుంటుంది? అలాంటప్పుడు మన అనుభవం పక్కన పెట్టి, కొలతలు చేతిలో ఉన్నవాళ్ళ మాట వినాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికి వస్తాను, పసిబిడ్డల సంగతికి.

పన్నెండు రోజుల బిడ్డ. జ్వరం లేదు, దగ్గు లేదు. అమ్మమ్మ మాత్రం "ఎందుకో పిల్ల బాగాలేదే" అంటుంది. మగవాళ్ళు "నిద్రపోతోంది కదా, ఊరికే కంగారు పడకండి" అంటారు. చదువుకున్న కోడలు థర్మామీటరు పెట్టి చూసి, జ్వరం లేదు కాబట్టి భయం లేదంటుంది. మాకు తెలిసినవాళ్ళ ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఆ అమ్మమ్మ మొండిది కాబట్టి సరిపోయింది. అర్ధరాత్రి ఆటో మాట్లాడించి తీసుకెళ్ళింది. రక్తానికి చీము పట్టిందన్నారు, పది రోజులు ఆస్పత్రిలో ఉంచారు, పిల్ల దక్కింది. ఇప్పుడది బడికి పోతోంది. అమ్మమ్మకు ఏం తోచింది, ఎలా తోచింది?

ఈ ప్రశ్న వేసినవాళ్ళు ఉన్నారు. క్లైన్‌తో కలిసి పనిచేసిన బెత్ క్రాండల్ అనే ఆమె, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డుల్లో అనుభవం ఉన్న నర్సులను అడిగింది. రక్త పరీక్ష రాకముందే ఏ బిడ్డకు చీము పట్టిందో వాళ్ళకు తెలిసిపోయేది. ఎలాగంటే "అలా అనిపించింది" అనేవాళ్ళు. ఆమె ఒక్కొక్క బిడ్డ సంగతీ విడివిడిగా, గంట గంటా ఏం చూశావని అడుగుతూ పోయింది. చివరికి ఒక జాబితా తయారైంది. ఒంటి రంగు మారడం, పాలు తాగే తీరు, నిన్నటికీ ఇవాళ్టికీ చురుకుదనంలో తేడా, ఇలాంటివి. 1993లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ గుర్తుల్లో కొన్ని అప్పటి వైద్య పుస్తకాల్లో లేనేలేవు. నర్సమ్మల కళ్ళకు తెలిసింది పుస్తకాలకు అప్పటికింకా తెలియదన్నమాట.

మనకు దగ్గరలోనే ఇంకా గొప్ప పని జరిగింది. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అక్కడ అభయ్ బంగ్, రాణి బంగ్ అనే డాక్టరు దంపతులు 1986 నుంచి 'సెర్చ్' అనే సంస్థను నడిపారు. అక్కడి పల్లెల్లో ఆస్పత్రి దూరం, డాక్టరు దూరం. వాళ్ళు ఊళ్ళోని ఆడవాళ్ళకే తర్ఫీదు ఇచ్చారు. చనుబాలు తాగడం తగ్గిందా, ఏడుపు సన్నబడిందా, కాళ్ళూ చేతులూ వాలిపోతున్నాయా, ఒళ్ళు చల్లబడిందా, కడుపు ఉబ్బిందా, ఎదురు రొమ్ము లోపలికి పోతోందా, బొడ్డు దగ్గర చీము ఉందా అని చూడమన్నారు. ఇవన్నీ ఏ తల్లికైనా తెలిసే గుర్తులే. వీటిలో ఏ రెండు ఒకేసారి కనిపించినా బిడ్డకు వైద్యం అవసరమని లెక్క. 39 ఊళ్ళల్లో కొన్నేళ్ళపాటు ఇంటింటికీ తిరిగి చేసిన ఈ పని వల్ల నెల లోపు బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. తరువాత మన దేశమంతటా ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వచ్చి బిడ్డను చూసి వెళ్ళే పద్ధతికి ఇదే ఒరవడి. మీ వీధి ఆశమ్మ 3వ రోజు, 7వ రోజు అంటూ లెక్కపెట్టుకుని వస్తుందే, అందుకే. వచ్చినప్పుడు "మాకు అన్నీ తెలుసులే" అని గుమ్మంలోంచే పంపేయకండి.

ఇందులో నాకు బాగా నచ్చింది, మీకు పనికొస్తుందని నమ్ముతున్నదీ ఒకటుంది. "ఎందుకో బాగాలేదు" అని అమ్మమ్మ అన్నప్పుడు "ఎందుకు?" అని ఎదురు ప్రశ్న వేస్తే ఆమె నోరు మూతపడుతుంది. "ఏం చూశావమ్మా?" అని అడిగితే చెబుతుంది. "రాత్రి నుంచి మూడుసార్లే పాలు తాగింది. ఎప్పుడూ గట్టిగా ఏడ్చేది, ఇవాళ పిల్లికూనలా మూలుగుతోంది. అరికాళ్ళు చల్లగా ఉన్నాయి." డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా ఈ మాటలే చెప్పండి. "ఎందుకో అనిపిస్తోంది డాక్టరుగారూ" అంటే కంగారుపడే మనిషి అనుకుంటారు. మూడుసార్లే తాగిందంటే కలం ఆపి వింటారు. నెలలోపు బిడ్డ పాలు మానేసినా, ఒళ్ళు చల్లబడి వాలిపోయినా జ్వరం కోసం ఎదురుచూడకండి, తెల్లారనివ్వండి అనకండి. 108కు ఫోను చేయండి, లేదా చేతికందిన బండిలో తీసుకుపొండి.

తోచిన సంగతి అయింది. ఇక "ఏమో" సంగతి.

జనగామ వైపు వాన తక్కువ, వాన మీద ఆధారపడే సేద్యం ఎక్కువ. జూన్ మొదట్లో మృగశిర కార్తె, మనవాళ్ళ మాటలో మిరుగు, వస్తుంది. మనం పట్నంలో చేపల ధర చూసి గుండె పట్టుకునే రోజది. అదే రోజుల్లో రైతు మొదటి వాన చూసి తలపట్టుకుని కూర్చుంటాడు. ఇప్పుడే గింజ పెట్టాలా? పెట్టాక పదిహేను రోజులు వాన మొహం చాటేస్తే మొలకలు మాడిపోతాయి. మళ్ళీ విత్తనాల పొట్లాలు కొనాలి, మళ్ళీ అప్పు. ఆగితే అదను తప్పుతుంది, దిగుబడి తగ్గుతుంది. రైతు చెలకలోకి పోయి మట్టి తవ్వి, పిడికిట్లో పట్టి పిసికి, పదును ఉందో లేదో చూస్తాడు. వ్యవసాయ అధికారులు 60, 70 మిల్లీమీటర్లు పడ్డాకే పత్తి గింజలు పెట్టమంటారు. రెండు మాటలూ నేలలో తడి ఎంత లోతు దిగిందనే చెబుతున్నాయి. ఆ తరువాత వాన వస్తుందా రాదా అంటే, ఇద్దరి జవాబూ "ఏమో".

ఆ "ఏమో"ను ఒప్పుకున్నవాళ్ళే పూర్వం చేను నిండా ఒకే పంట వేసేవాళ్ళు కాదు. జొన్న వేస్తే మధ్య మధ్య కంది సాళ్ళు, పెసర. పెసర రెండు నెలల్లో చేతికొస్తుంది. జొన్న నాలుగు నెలలు. కంది ఆరు నెలలుంటుంది, వేరు లోతుకు దిగి ఎండకు తట్టుకుంటుంది. ఏ నెలలో వాన ఎగ్గొట్టినా ఇంట్లోకి ఏదో ఒకటి వస్తుంది. ఏ పంట పోతుందో తెలియదని తెలుసు కాబట్టే అలా వేశారు. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు ఈ పద్ధతిని వదలకుండా నిలబెట్టారు. 2008లో మాచనూరులో తమకంటూ సంఘం రేడియో కూడా పెట్టుకున్నారు. చెల్లెళ్ళారా, మైకు ముందు కూర్చోవాలంటే ఇప్పటికీ నాకు గొంతు తడారుతుంది. ఆ అక్కలు సొంత స్టేషనే పెట్టుకున్నారు!

"ఏమో"ను ఒప్పుకోవడమే శాస్త్రమని ప్రపంచానికి చెప్పినవాడు మన తెలుగువాడే. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్. రావు. 1920లో హడగళిలో తెలుగు ఇంట పుట్టాడు. అది ఇప్పుడు కర్ణాటకలో ఉంది. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివాడు. ఉద్యోగం కోసం కలకత్తా వెళితే ఆ ఉద్యోగం రాలేదు. అనుకోకుండా అక్కడి గణాంక సంస్థ కంటబడి అందులో చేరాడు. పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు ఆ పూట ఆయన దగ్గర లేదు. ఇంటికెళ్ళి రాత్రంతా కూర్చుని మర్నాటికి సాధించుకొచ్చాడు. 1945లో అచ్చయిన ఆ ఫలితం ఈనాటికీ ఆయన పేరుమీదే నడుస్తోంది. 2023లో, 102 ఏళ్ళ వయసులో, గణాంకశాస్త్రంలో నోబెల్‌తో పోల్చే అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశాడు. తన పుస్తకం ఒకటి తల్లి లక్ష్మీకాంతమ్మ గారికి అంకితం ఇచ్చాడు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికే లేపి, దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టింది ఆవిడేనట. ఈ ముక్క చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

ఆయన చెప్పిన సూత్రాన్ని నా మాటల్లో చెబుతాను. మనకు తెలిసింది అనిశ్చితమే కావచ్చు. అది ఎంతమేరకు అనిశ్చితమో తెలిస్తే మాత్రం దాంతో పని చేసుకోవచ్చు. మనకిది కొత్త కాదు. ఆడపడుచు ఫోను చేసి "వస్తున్నాం వదినా" అంటుంది. ఎంతమంది? ఏమో. ఆ "ఏమో"తో వంట చెయ్యలేం. "ఎనిమిదికి తగ్గరు, పద్నాలుగుకు మించరు" అనుకుంటే చేసెయ్యగలం. అన్నం పన్నెండుమందికి వండి, మిగిలినా పాడవని పులిహోర కలిపి, నీళ్ళు పోస్తే పెరిగే చారు పెడతాం. అన్నం ఉడికిందో లేదో కుండంతా తిని చూడం కదా, ఒక్క మెతుకు నలిపి చూస్తాం. దేశమంతా చేసే పెద్ద పెద్ద సర్వేలకు మూలం ఆ మెతుకే. ఒక్క షరతు, పైమెతుకు చూసి మోసపోకూడదు. గరిటె పెట్టి అడుగు నుంచి కలిపి చూడాలి. గణాంకాలవాళ్ళు కూడా పడే అవస్థంతా ఆ కలపడం దగ్గరే.

రేడియోలో వాతావరణం చెప్పినప్పుడు మనం నవ్వుకుంటాం. వాన పడుతుందన్నారు, పడలేదని. ఒకసారి మాటలు జాగ్రత్తగా వినండి. "ఒకటి రెండు చోట్ల" అంటే వాన కొలిచే కేంద్రాల్లో పావువంతు లోపే పడుతుందని. "కొన్ని చోట్ల" అంటే సగం లోపు. మీ డాబా మీద పడుతుందని ఎవరూ మాటివ్వలేదు! రంగుల హెచ్చరికలూ అంతే. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఇక కదలమని. నారింజ రోజున వాన పడకపోతే హెచ్చరిక అబద్ధమైనట్టు కాదు. గొడుగు తీసుకెళ్ళిన రోజు వాన పడకపోతే గొడుగును తిడతామా?

చివరిగా ఒక చిన్న పని చెబుతాను, డబ్బు ఖర్చులేనిది. పాలలెక్క రాసే క్యాలెండరు ఉంది కదా, దాని పక్కనే మీకు తోచినవీ రాసి పెట్టుకోండి. "ఈ కొత్త పనమ్మాయి నెల దాటి ఉండదనిపిస్తోంది." "ఈ మిర్చి కారం తక్కువ." "బాబుకు ఈ ట్యూషన్ పడేట్టు లేదు." తేదీ వేయండి, నూటికి ఎంతవంతు నమ్మకమో కూడా వేయండి. నెలాఖరున పాలవాడి లెక్క చూసేటప్పుడు దీన్నీ చూడండి. ఏ విషయంలో మీ మనసు నిజం చెబుతోందో, ఏ విషయంలో ఊరికే భయపెడుతోందో మూడు నాలుగు నెలల్లో మీకే తెలుస్తుంది. మిర్చి విషయంలో పదికి తొమ్మిది సరిపోయి, మనుషుల విషయంలో పదికి నాలుగే సరిపోయాయనుకోండి. పనమ్మాయిని ఇంకో నెల చూడండి, మిర్చి మాత్రం మీరే వెళ్ళి కొనండి.